మ్యాడ్ వరల్డ్: 1982 నాటి సింగిల్ నేర్చుకోవాలా, తర్వాత వచ్చిన కవరా?

గిటారో కీబోర్డో కొని, ఒక ఇంగ్లిష్ పాటైనా మొత్తం వాయించాలని కూర్చున్నవాళ్లకు ‘మ్యాడ్ వరల్డ్’ తొందరగానే ఎదురవుతుంది. నాలుగే కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు), రెండే చరణాలు, నోటికి వెంటనే పట్టే పల్లవి. తీరా వెతికితే రెండు పాటలు కనిపిస్తాయి. ఒకటి, 1982 నాటి మూలం, సింథసైజర్లతో చకచకా నడుస్తుంది. రెండోది, అంటే అదే పాటను వేరేవాళ్లు మళ్లీ పాడిన కవర్, పియానో మీద ఆగి ఆగి సాగుతుంది. మాటలూ వరసా రెండింటికీ దాదాపు ఒకటే, పాడాల్సిన పద్ధతి మాత్రం పూర్తిగా వేరు.

చాలామంది నెమ్మదిగా ఉంది కదా, సులువుగా వచ్చేస్తుందని కవర్ పట్టుకుంటారు. వేళ్లకు అది సులువే, గొంతుకు కాదు. మొదటి పాటలో కాలాన్ని యంత్రంలా తిరిగే తాళం మోస్తుంది, గాయకుడు దాని మీద కూర్చుని ప్రయాణం చేస్తాడు. కవర్‌లో ఆ బరువంతా గాయకుడి ఊపిరి మీద పడుతుంది. ఏది ఎంచుకోవాలన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

రెండూ ఎక్కడివి

మొదటిది ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణం నుంచి వచ్చిన టియర్స్ ఫర్ ఫియర్స్ బ్యాండ్‌ది. 1982 సెప్టెంబర్‌లో విడుదలైంది. రాసింది రోలండ్ ఒర్జబాల్, పాడింది కర్ట్ స్మిత్, నిర్మాతలు క్రిస్ హ్యూజ్, రాస్ కల్లమ్. బ్యాండ్‌కు అది మూడో సింగిల్. మొదట్లో దీన్ని ఇంకో సింగిల్‌కు వెనకవైపు పాటగా వేద్దామనుకున్నారు. రికార్డు కంపెనీ విని, ఇదే ముందుండాలని పట్టుబట్టింది. బ్రిటన్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్లి, వాళ్లకు తొలి హిట్ అయింది. 1983 మార్చిలో వచ్చిన ‘ద హర్టింగ్’ ఆల్బమ్‌లోనూ ఉంది.

కవర్ అమెరికాది. 2001 నాటి ‘డోనీ డార్కో’ సినిమాకు సంగీతం చేసిన మైఖేల్ ఆండ్రూస్, తన చిన్ననాటి స్నేహితుడు గ్యారీ జూల్స్‌తో పాడించాడు. సినిమా చివర్లో వస్తుంది. 2003 డిసెంబర్‌లో సింగిల్‌గా విడుదలై బ్రిటన్‌లో క్రిస్మస్ వారం నంబర్ వన్ అయింది, మూడు వారాలు అక్కడే నిలిచింది. మూలం ఎక్కలేని మెట్టు కవర్ ఎక్కిందన్నమాట. వెతికేటప్పుడు ఇది ఒకచోట ఆండ్రూస్ పేరు మీద, ఇంకోచోట జూల్స్ పేరు మీద కనిపిస్తుంది. రెండూ ఒకటే రికార్డింగు.

ఒర్జబాల్ ఈ పాటను కట్టింది సింథసైజర్ మీద కాదు, అకూస్టిక్ గిటార్ మీద. కాబట్టి ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడితే మూలానికి అన్యాయం చేసినట్టేనని జంకనక్కర్లేదు. అది పుట్టిన రూపానికి అదే దగ్గర.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మీరు ఒక్కరే వాయిస్తారా, డ్రమ్స్ ఉన్న బ్యాండ్ ఉందా? ఒక మాటను మూడు సెకన్లు వణకకుండా నిలపగలరా? పాడే చోటు నిశ్శబ్దంగా ఉంటుందా, లేక పక్కన బిర్యానీ కౌంటర్ నడుస్తుంటుందా? వినేవాళ్లెవరు? ఈ నాలుగూ తేలాక కింది పట్టిక చూడండి.

| విషయం | 1982 మూలం | కవర్ |
|---|---|---|
| నడక | నిమిషానికి సుమారు 118 బీట్లు | సుమారు 87 బీట్లు |
| శృతి | ఎఫ్ షార్ప్ మైనర్ (నాలుగున్నర) | ఎఫ్ మైనర్ (నాలుగు) |
| చరణం కార్డ్స్ | ఎఫ్ షార్ప్ మైనర్, ఎ, ఇ, బి | ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్, ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ |
| గిటార్‌పై తేలిక దారి | 2వ ఫ్రెట్‌లో (గడిలో) కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి శృతి పెంచే క్లిప్పు; ఇ మైనర్, జి, డి, ఎ | 1వ ఫ్రెట్‌లో కేపో, అవే నాలుగు |
| నాలుగు కార్డ్స్ ఒక చుట్టు | సుమారు 8 సెకన్లు | సుమారు 11 సెకన్లు |
| వాద్యాలు | సింథసైజర్లు, బాస్, గట్టి పెర్కషన్ | పియానో, చెల్లో, మెలోట్రాన్ (టేపు మీది వాద్య ధ్వనులు మోగించే పాత కీబోర్డు), పల్లవిలో కొద్దిగా వోకోడర్ (గొంతును యంత్రపు గొంతులా మార్చే పరికరం) |
| నిడివి | మూడున్నర నిమిషాలు | మూడు నిమిషాలు దాటి కొంచెం |
| పొరపాటు జరిగితే | తాళం కప్పేస్తుంది | అందరికీ వినిపిస్తుంది |

నిడివి వరస చూసి తప్పుపడిందేమో అనుకోకండి. నెమ్మది పాటే పొట్టిది. మూలంలో మాటలు లేకుండా వాద్యాలు మాత్రమే నడిచే జాగాలు ఎక్కువ, కవర్ వాటిని కోసేసింది. మీరు ఒక్కరే పాడుతూ మూలం నడక ఎంచుకుంటే ఆ ఖాళీ జాగాలను ఏం పెట్టి నింపాలన్న చిక్కు వస్తుంది. స్ట్రమ్మింగ్ ఒక్కటే పెట్టుకుని వాటిని సాగదీయకండి, రెండు చుట్లకు మించకుండా ముగించి చరణంలోకి వెళ్లిపోండి.

రెండింటికీ ఉమ్మడిగా: ఆ నాలుగో కార్డ్

ఏ రూపం ఎంచుకున్నా ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. ఇ మైనర్, జి, డి తర్వాత వచ్చేది ఎ మేజర్, ఎ మైనర్ కాదు. మైనర్ పాట కదా అని చేయి తనంతట తాను ఎ మైనర్ వైపు పోతుంది. అలా వాయిస్తే ఎక్కడా అపస్వరంలా వినిపించదు, అందుకే తప్పు దొరకదు. పాట మాత్రం మామూలు ఏడుపు పాటగా మారిపోతుంది.

కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్లకు దీన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు. ఇ ని షడ్జమంగా పెట్టుకుంటే ఎ మేజర్‌లో ఉన్న సి షార్ప్ చతుశ్రుతి ధైవతం. పాట కార్డ్స్ అన్నీ కలిపితే ఖరహరప్రియ స్వరాలొస్తాయి. ఎ మైనర్ వాయిస్తే ఆ చోట సి, అంటే శుద్ధ ధైవతం పడుతుంది, నటభైరవిలోకి జారిపోతారు. ఆ ఒక్క ధైవతం వల్లే ఇంత చీకటి పాటలోనూ ప్రతి చుట్టు చివరా ఒక వెలుతురు చార కనిపిస్తుంది. పల్లవి అంతా ఇ మైనర్, ఎ మేజర్ రెండింటి మధ్యే ఊగుతుంది కాబట్టి అక్కడ తప్పు ఇంకా పెద్దదవుతుంది. స్వరాలు ఖరహరప్రియవి అన్నంత మాత్రాన గాంధారాన్నీ నిషాదాన్నీ ఊపకండి. ఇక్కడ ప్రతి స్వరం నిటారుగా నిలబడాలి.

కేపో విషయంలో జరిగే పొరపాటు ఇంకొకటి. రెండు రికార్డులకూ తేడా అర స్వరం. 2వ ఫ్రెట్‌లో కేపో పెట్టుకుని కవర్‌తో పాటు వాయించి, కలవడం లేదని గిటార్ మీటలు తిప్పుతుంటారు. మీటలు వదిలేసి కేపో ఒక గడి వెనక్కి జరపండి. కేపోను ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేలా పెట్టాలి, గడి మధ్యలో పెడితే తీగలు సాగి శృతి పైకి పోతుంది. పెట్టాక ఒకసారి ట్యూనర్‌తో చూసుకోండి.

శృతిలో తేడా అంత తక్కువ కనుక నా గొంతుకు ఏది సరిపోతుందన్న ప్రశ్నకు శృతి జవాబు చెప్పదు. ఎక్కువ మంది ఆడవాళ్లకు రెండూ కిందికి పోతాయి. వాళ్లు కేపో తీసేసి ఎ మైనర్, సి, జి, డి వాయిస్తే ఆరు శృతిలో వస్తుంది. ఇక్కడా చివరిది డి మేజరే, డి మైనర్ కాదు. ఇంకా పైకి కావాలంటే ఇవే కార్డ్స్ 2వ ఫ్రెట్‌లో కేపోతో.

మూలం ఎవరికి

బ్యాండ్ ఉన్నవాళ్లకు, కాలేజీ ఫెస్ట్ లాంటి గోల మధ్య పాడేవాళ్లకు, గొంతు మీద ఇంకా పట్టు రానివాళ్లకు ఇదే మంచిది. 118 నడకలో మాటలు గబగబా దొర్లిపోతాయి, ఏ స్వరం మీదా ఎక్కువసేపు నిలవక్కర్లేదు. స్మిత్ గొంతు చూడండి, దాదాపు భావం లేకుండా, రోజూ చూసే వీధిని వర్ణిస్తున్నట్టు పాడతాడు. మొదట ఒర్జబాల్ తానే పాడి చూశాడు, నచ్చలేదు, స్మిత్‌తో పాడించాక పాట కుదిరింది. మీరూ ఇక్కడ ఏడుపు కలపకండి. పైన చెప్పే మాటలకూ కింద పరుగెత్తే తాళానికీ పొత్తు కుదరకపోవడమే ఈ రూపానికి ప్రాణం.

డ్రమ్మర్ ఎక్కువగా చేసే తప్పు పల్లవి రాగానే సింబల్స్ మోగించడం. ఈ పాట కదలిక ఆగకుండా తిరిగే చిన్న చిన్న పెర్కషన్ దెబ్బల్లో ఉంది, పెద్ద దెబ్బల్లో లేదు. ఫ్లోర్ టామ్, రిమ్ (డ్రమ్ అంచు) మీద ఎనిమిదో వంతు దెబ్బలు, అంటే బీటుకు రెండు, సమానంగా పడనివ్వండి, క్రాష్ సింబల్‌ను పాట మొత్తానికి రెండు మూడు సార్లకు మించి ముట్టుకోవద్దు. డ్రమ్మర్ లేకపోతే కీబోర్డులోని పాత డ్రమ్ మెషిన్ శబ్దాల్లో ఏదైనా పెట్టి 118 దగ్గర స్థిరపరచండి. ఫోన్‌లోని మెట్రోనోమ్‌ను (నడక తప్పకుండా టిక్కులు కొట్టే యాప్) ఇయర్‌ఫోన్‌లో ఒక్కరైనా వింటే మేలు. స్టేజి మీద ఉత్సాహంలో ఇది 130కి పోతుంది, అప్పుడు మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

కీబోర్డు వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ +2 పెట్టుకుని ఇ మైనర్ కార్డ్స్ వాయించుకోవచ్చు. పాట అయ్యాక దాన్ని సున్నాకు తేవడం మరిచిపోతే తర్వాతి పాట మొదటి కార్డ్‌లోనే దొరికిపోతారు.

మాటల్లో ఒక చిక్కుంది. మూలం చివర వచ్చే మాట నిఘంటువులో దొరకదు. అది ‘హలార్జియన్’ అని, స్టూడియోలో సరదాగా పుట్టిన కల్పిత పదం. జూల్స్ దాన్ని ప్రపంచాన్ని పెద్దది చేయడమనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటగా పాడాడు. ఇంటర్నెట్‌లో దొరికే సాహిత్యాల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. మీరు పాడే రూపాన్ని బట్టి ఒకటి ఖాయం చేసుకోండి. బ్యాండ్‌లో ఇద్దరు పాడుతుంటే చివరి మాట చెరొకటి రాకుండా ముందే అనుకోండి.

కవర్ ఎవరికి

పియానో ఉన్నవాళ్లకు, చిన్న గదిలో వినే ఇరవై ముప్పై మందికి పాడేవాళ్లకు, ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లకు ఇది. ఒక గొంతు, ఒక వాద్యం ఉంటే చాలు. కానీ ఆ ఒక్క గొంతులో చిన్న గరగర వచ్చినా దాచుకునే చోటుండదు.

పియానో భాగం కష్టం కాదు. కుడిచేతిని వీలైనంత తక్కువ కదిలిస్తే రికార్డు ధ్వనికి దగ్గరగా వస్తుంది. కింది నుంచి పైకి ఎఫ్ మైనర్‌కు సి, ఎఫ్, ఎ ఫ్లాట్. ఎ ఫ్లాట్‌కు సి, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, అంటే ఒక్క మధ్యవేలి స్వరమే మారింది. ఇ ఫ్లాట్‌కు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, జి. బి ఫ్లాట్‌కు బి ఫ్లాట్, డి, ఎఫ్. ఎడమచేయి కార్డ్ మూలస్వరం ఒక్కటే వాయించాలి. ప్రతి కార్డ్‌కూ చేతిని ఎగరేసి కొత్త చోట దించితే పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. సస్టెయిన్ పెడల్ కార్డ్ మారిన మరుక్షణం వదిలి మళ్లీ తొక్కాలి. కార్డ్ మారకముందే వదిలితే మధ్యలో ఖాళీ వస్తుంది, తొక్కే ఉంచితే రెండు కార్డ్స్ కలిసి బురదవుతాయి.

గిటార్ మీదైతే స్ట్రమ్మింగ్ మానేసి వేళ్లతో మీటండి. బొటనవేలు ఇ మైనర్‌కూ జి కీ ఆరో తీగ, డి కి నాలుగో తీగ, ఎ కి ఐదో తీగ. మిగతా మూడు వేళ్లు పై మూడు తీగల మీదే ఉంటాయి. డి మీద అలవాటుకొద్దీ ఆరో తీగ మోగితే ఆ గుంయ్‌మనే శబ్దం ఈ నిశ్శబ్దంలో పెద్దగా వినిపిస్తుంది.

అసలు పని గొంతుది. మూలంలో 8 సెకన్లలో అయిపోయే వాక్యాలు ఇక్కడ 11 సెకన్లు పడతాయి. ఆ మూడు సెకన్లలో సగం మాట సాగడానికి, సగం మౌనానికి ఇవ్వండి. మొత్తం సాగదీస్తే పాట మూలుగులా తయారవుతుంది. చరణంలో ప్రతి చుట్టులోనూ ఒక పొడుగు వాక్యం, తర్వాత రెండు పొట్టి ముక్కలు ఉంటాయి. పొడుగు వాక్యం అయిన వెంటనే నిండుగా ఊపిరి తీసుకోండి. రెండు పొట్టి ముక్కల మధ్య చిన్న గుక్క చాలు. చుట్టు పూర్తయ్యే దాకా ఒకే గుక్కలో లాగాలని చూస్తే చివరి మాట శృతి కిందికి జారుతుంది. ఈ కవర్ పాడేవాళ్లలో ఎక్కువగా వినిపించే లోపం అదే.

సాధన ఇలా చేయండి. మొదటి రోజు మెట్రోనోమ్ 87 దగ్గర పెట్టి, వాద్యం లేకుండా మాటలు చదవండి, పాడొద్దు. తర్వాత 87 మీదే పాడండి. కుదిరాక మెట్రోనోమ్‌ను సగానికి, అంటే 43 లేదా 44కు దించండి. అప్పుడు నాలుగు బీట్లలో రెండే వినిపిస్తాయి, మిగతా రెండూ మీ లోపల లెక్కపెట్టుకోవాలి. అదీ నిలిచాక మెట్రోనోమ్ తీసేయండి. ఇది దాటకుండా నేరుగా పాడితే మొదటి చరణం 87లో, రెండోది 80లో, చివరి పల్లవి 75లో ఉంటుంది, పాడేవాళ్లకు తెలియదు కూడా.

ఇంట్లో రికార్డు చేస్తుంటే ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు. మైకుకు జానెడు దూరంలో, కొంచెం పక్కగా నిలబడండి, ఎదురుగా పాడితే ప, బ అక్షరాలు దెబ్బల్లా పడతాయి. ఊపిరి శబ్దాలను ఎడిటింగ్‌లో పూర్తిగా చెరిపేయకండి, సగం తగ్గించండి చాలు. అవి లేకపోతే గొంతు బొమ్మ గొంతులా ఉంటుంది. పల్లవిలో వోకోడర్ లేదని దిగులు పడొద్దు. అదే వరసను రెండోసారి మెల్లగా పాడి, బాగా వెనకగా కలిపితే ఆ నీడ వస్తుంది.

వినేవాళ్ల సంగతి

ఈ పాట వెనక అమెరికన్ మనస్తత్వవేత్త ఆర్థర్ జానోవ్ ఆలోచనలున్నాయి. బ్యాండ్ పేరు కూడా వాటి నుంచే వచ్చింది. పల్లవిలో చావు కలల ప్రస్తావన అక్కడిదే. తీవ్రమైన కల మనసులో బిగుసుకున్నదాన్ని విడిపిస్తుందన్నది ఆయన వాదన. మూలంలో ఆ వాక్యం తాళం మీద దొర్లిపోతుంది, సగం మంది గమనించరు. కవర్‌లో అది నేరుగా చెవిలో పడుతుంది. అందుకే స్కూలు వార్షికోత్సవానికో, ఈమధ్యే ఇంట్లో చావు చూసినవాళ్లున్న చోటుకో కవర్ వద్దు. అక్కడ మూలం పాడినా ముందు అర్థం తెలుసుకుని, నిర్వాహకులకు చెప్పి పాడండి.

పాడే ఉద్దేశం లేకుండా వినడానికే అయితే మూలం ముందు వినండి. కవర్ ముందు విన్నవాళ్లకు మూలం తొందరపాటులా, కొంచెం బోలుగా అనిపిస్తుంది, దానికి న్యాయం జరగదు. మూలం తర్వాత కవర్ వింటే ఏం తీసేశారో, ఏం మిగిల్చారో ఒక్కొక్కటీ తెలుస్తుంది.

రెండూ కావాలనుకునే బ్యాండ్‌కు

మొదటి చరణం, పల్లవి కవర్‌లా మొదలుపెట్టి, రెండో చరణంలో మూలం నడకకు దూకడం బాగుంటుంది. శృతి మాత్రం మొదటి నుంచీ ఒకటే పెట్టుకోండి, మధ్యలో కేపో జరపలేరు. నడక మార్చడానికి లెక్క ఉంది. 87లో ప్రతి బీటునూ తకధిమి అని నాలుగుగా విడగొట్టండి. ఆ చిన్న మాత్రల వేగం మార్చకుండానే మూడేసి చొప్పున తకిట తకిట అని పట్టుకుంటే, ప్రతి ‘త’ కొత్త బీటవుతుంది. కొత్త నడక 116, మూలానికి రెండే తక్కువ. డ్రమ్మర్ పల్లవి చివరి రెండు బార్లలో (ఒక్కోటి నాలుగు బీట్లు) రిమ్ మీద ఆ తకిటను మెల్లగా మొదలుపెడితే మిగతావాళ్లు దాని మీదికి దిగిపోతారు. ఒకటి రెండు మూడు నాలుగు అని కొత్తగా లెక్కపెట్టి మొదలుపెడితే అప్పటిదాకా కట్టిన నిశ్శబ్దం పగిలిపోతుంది.

యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకు

ఏ రూపం పాడినా పాట హక్కు రచయితది. కవర్ చూసి నేర్చుకున్నా రచయిత జూల్స్ కాడు, ఆండ్రూస్ కాడు. రికార్డింగు హక్కు వేరే. కవర్ పియానో ట్రాక్ కోసి దాని మీద పాడితే రెండు హక్కులూ తగులుతాయి, వాద్యం మీరే వాయించుకుంటే పాట హక్కు ఒక్కటే మిగులుతుంది. మీ వీడియో మీద క్లెయిమ్ వచ్చి ప్రకటనల డబ్బు హక్కుదారులకు పోవచ్చు, దానికి సిద్ధపడే పెట్టండి. సీడీగానో మరోలానో అమ్మకానికి రికార్డు చేయాలంటే భారత కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కవర్లకు దారి చూపిస్తుంది, తొలి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. ఆ దారిలో పాటను ఇష్టం వచ్చినట్టు మార్చే వీల్లేదు. వరస ఉంచి తెలుగు మాటలు రాసి పాడాలనుకుంటే హక్కుదారుల అనుమతి విడిగా తెచ్చుకోవాలి. వీడియో కింద వివరణలో రచన, స్వరం అన్న చోట రోలండ్ ఒర్జబాల్ అని, ఏ రూపాన్ని అనుసరించారో ఆ కళాకారుల పేర్లు దాని కింది వరసలో విడిగా రాయండి.